కీర్తిశేషుడి రిహార్సల్

ఫిబ్రవరి 3, సోమవారం

డాక్టరు మాట విని ఈ డైరీ కొన్నాను. "అరవాలనిపించినప్పుడల్లా రాయండి, బీపీ దిగుతుంది" అన్నాడు. రాస్తున్నాను. దిగిన జాడ లేదు. అరిస్తే కనీసం ఎదుటివాడు బెదురుతాడు, కాగితం బెదరదు.

ఇవాళ పోయినాయనతో పాటు మా గౌరవ దళం పరువు కూడా శ్మశానంలో పూడ్చిపెట్టి వచ్చాం. ఆయన ఫిరంగుల దళంలో పనిచేసిన పెద్దమనిషి. మాజీ సైనికుడు ఎవరు పోయినా మా సంఘం తరఫున వెళ్లి పెట్టె మోయడం, బాకా ఊది సాగనంపడం, పెట్టె మీది జెండా తీసి మడిచి ఇంటివాళ్ల చేతిలో పెట్టడం మా దళం పని. ఆర్డర్లు ఇవ్వడం నా పని. ఉద్యోగమంతా కుర్రాళ్లకు డ్రిల్లు నేర్పినవాణ్ణి. నా గొంతు వింటే గుర్రాలు కూడా సర్దుకుని నిలబడేవి.

"కుడికి తిరుగు!" అన్నాను. మోసే నలుగురిలో ముగ్గురు కుడికి తిరిగారు. నాలుగోవాడు, మా డ్రైవరు, ఎడమకు తిరిగాడు. అదేమిటని తరవాత అడిగితే, "మలుపులో కాస్త ఎడమకు కోసి తిప్పాలి మాస్టారూ, లేకపోతే వెనక చక్రం గట్టెక్కేస్తుంది" అంటాడు. సైన్యంలో లారీ నడిపి నడిపి వీడికి శవం కూడా లోడులాగే కనిపిస్తోంది. పెట్టె ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఆపైన జెండా. ముక్కోణంగా రావాల్సిన మడత పిండిన తువ్వాలులా వచ్చింది. దాన్నే తీసుకెళ్లి ఆ పెద్దావిడ చేతిలో పెట్టి, "కృతజ్ఞత గల దేశం తరఫున" అంటూ చెప్పాల్సిన మాట చెప్పాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్త్రీ మేమే చేయించుకోవాలా బాబూ?" అంది.

ఇక బాకా. అది ఊదేవాణ్ణి కూడా మేం బాకా అనే పిలుస్తాం. కొత్తగా కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. పాట సగంలో ఉండగా పళ్లసెట్టు జారి బాకా మూతికి అడ్డం పడింది. ఆ తరవాత వచ్చిన చప్పుడు గురించి రాయను. డాక్టరు రాయమన్నా రాయను.

సంఘం ప్రెసిడెంటుగారు అన్నీ చూశారు. పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి, ఇప్పటికీ ఆయన బూట్లలో మన మొహం కనిపిస్తుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మాస్టారూ, ఇంకొక్కసారి ఇలా జరిగితే దళం రద్దు చేసేద్దాం. మోయడానికి జీతానికి కుర్రాళ్లను పెడదాం. బాకా బదులు స్పీకర్లో రికార్డు వేద్దాం. పోయినవాడికి మనం చేసేది ఒక్కసారే కదా, తప్పు దిద్దుకోవడానికి రెండోసారి రాదు" అన్నారు.

ఆ ఆఖరి మాట నిజమే. అందుకే ఒళ్లు మండింది. తప్పు నాది కాదు. ఆర్డర్లన్నీ సరిగ్గానే ఇచ్చాను.

ఫిబ్రవరి 5, బుధవారం

నిర్ణయం తీసుకున్నాను. రోజూ పొద్దున్నే సంఘం ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో రిహార్సల్. వడ్రంగి దగ్గర మూత లేని పాత పెట్టె ఒకటి దొరికింది. అందులో ఇసుక బస్తా పెట్టి మోయించాను. ఘోరం. "పడితే పడుతుంది, ఇసుకే కదా మాస్టారూ" అన్నాడు డ్రైవరు. లోపల ప్రాణమున్న మనిషి ఉంటే తప్ప వీళ్లకు భయం పుట్టదని అర్థమైంది.

"పెట్టెలో ఎవరు పడుకుంటారు?" అన్నాను.

యుద్ధంలో పిలవకుండానే ముందుకు ఉరికినవాళ్లంతా ఒక్కసారిగా కాళ్ల వైపు చూసుకున్నారు. అప్పుడు వంటవాడు టీ కెటిల్ పట్టుకుని వంటగదిలోంచి వచ్చాడు. "నేను పడుకుంటా. ఆ పనిలో నాకు మంచి పేరుంది" అన్నాడు.

వంటవాడి గురించి రాయడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. సైన్యంలో మా క్యాంపు వంటశాల వాడిదే. నేను వాడిచేత మైదానం చుట్టూ పరుగులు తీయించేవాణ్ణి, వాడు నా కూరలో ఉప్పు దట్టించేవాడు. రిటైరయ్యాక ఇద్దరం ఒకే వీధిలో తేలాం. సాయంత్రం పూట వస్తాడు, ఏదో వాగుతాడు, పోతాడు. అంతవరకే మా స్నేహం. స్నేహం కాదు, పరిచయం.

ఫిబ్రవరి 7, శుక్రవారం

వంటవాడు దిండు తెచ్చుకున్నాడు. శవానికి దిండేమిట్రా అంటే, "మెడ పట్టేస్తుంది రా డ్రిల్లూ" అన్నాడు. ఊరంతా నన్ను మాస్టారు అంటుంది. వీడొక్కడే డ్రిల్లు అంటాడు.

నలుగురూ ఎత్తారు. నాలుగు అడుగులు వేశారో లేదో పెట్టెలోంచి గొంతు. "ఒరేయ్ డ్రిల్లూ, నా ఎడమ భుజం పల్లంలో ఉంది. రక్తమంతా అటే దిగిపోతోంది."

"శవానికి రక్తం పారదు. నోర్మూసుకుని పడుకో."

"రక్తం సంగతి సరే, పల్లం పల్లమే కదా!"

వెళ్లి చూశాను. డ్రైవరు తన మూల దించేసి నడుస్తున్నాడు. శవం చెప్పింది కరెక్టే.

ఫిబ్రవరి 11, మంగళవారం

శవం మాట్లాడకూడదని నియమం పెట్టాను. వీడు పాటించడు. సిగ్గుపడుతూ రాస్తున్నాను, దానివల్లే పని బాగుపడుతోంది. "బాకా, తొందరపడకు, గాలి మిగుల్చుకో." "ఇప్పుడు మలుపు, వెనకవాళ్లు పొట్టి అడుగులు వెయ్యండి." "గుంత వస్తోంది, చూసుకోండి." ఆకాశం వైపు చూస్తూ పడుకున్నవాడికి నేల మీద గుంత ఎలా తెలుస్తుందిరా అని అడిగాను. "గుంత కనపడగానే డ్రైవరు ఊపిరి బిగపడతాడు. నాకు వినపడుతుంది" అన్నాడు.

మా దగ్గర తుపాకులు లేవు. అసలు రోజున క్యాంపు నుంచి కుర్ర సిపాయిలు వచ్చి గాల్లోకి కాలుస్తారు. రిహార్సల్లో ఆ పని కూడా నాదే. "ఢాం" అని గట్టిగా అరుస్తాను. మొదటి ఢాంకు పక్కింటివాళ్ల కుక్క పారిపోయింది. రెండో ఢాంకు పక్కింటాయన వచ్చాడు. పెట్టెలో పడుకున్న వంటవాడు తల ఎత్తి, "ఏం లేదండీ, నేను పోయాను, అందుకు" అని సర్దిచెప్పాడు. ఆయన అలాగా అని వెళ్లిపోయాడు. చాలా దూరం వెళ్లాక ఆగి వెనక్కి తిరిగి చూశాడు.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ కొత్త తలనొప్పి. జెండా మడిచాం, ఇచ్చాం, సెల్యూట్ కొట్టాం, రిహార్సల్ అయిపోయింది. వంటవాడు లేవడు. గుర్రు పెట్టి నిద్రపోతున్నాడేమోనని తట్టాను. కళ్లు మూసుకునే అన్నాడు, "నేను శవాన్ని. ఆర్డరు లేకుండా ఎలా లేస్తాను? మీ డ్రిల్లులో పద్ధతి ఉండద్దూ?"

నలుగురూ పళ్లికిలించారు. బాకా పళ్లు చేత్తో పట్టుకుని నవ్వాడు.

సరే, పద్ధతి కావాలంటే పద్ధతే. అటెన్షన్‌లో నిలబడి, మైదానం అదిరేలా, "కీర్తిశేషుడూ... లే!" అని ఆర్డరిచ్చాను. కదల్లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా గట్టిగా "కీర్తిశేషుడూ... లే!" అన్నాను. అప్పుడు తీరిగ్గా ఒళ్లు విరుచుకుని లేచి, సెల్యూట్ కొట్టి, టీ పెట్టడానికి వెళ్లిపోయాడు.

ఈ ఒళ్లు విరుపు సంగతి సైన్యంలోనే తేల్చాల్సింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

జెండా మడత కత్తి అంచులా వచ్చింది. డ్రైవరు కుడికి తిరిగాడు. బాకా పళ్లకు ఏదో జిగురు పూసుకుని పాట పూర్తిచేశాడు. చివర మామూలే. మొదటి ఆర్డరుకు శవం లేవదు, రెండోదానికి లేస్తుంది. ఇప్పుడదీ డ్రిల్లులో భాగమైపోయింది. మొదటి ఆర్డరు, ఊపిరి పీల్చుకునేంత విరామం, రెండో ఆర్డరు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మా ఆవిడ అంది, "రోజూ పొద్దున్నే ఆ మనిషిని చంపి, మళ్లీ బతికించి, ఆయనచేతే టీ పెట్టించుకుని తాగి వస్తారా? మీలాంటి గుండెలు తీసిన బంట్లను ఎక్కడా చూడలేదు."

ఫిబ్రవరి 20, గురువారం

వంటవాడు ఆలస్యంగా వచ్చాడు. చెమటలు, ఆయాసం. పెట్టె అంచు పట్టుకుని కాసేపు నిలబడి గాని పడుకోలేదు. "శవం ఆలస్యంగా రావడం ఎక్కడైనా ఉందిరా?" అని కడిగేశాను. "నేను లేకుండా మొదలెట్టలేరుగా!" అన్నాడు. తిండి తగ్గించమని ఎన్నిసార్లు చెప్పినా వినడు. వంటవాడు చిక్కిపోతే వాడి వంట ఎవడు తింటాడని వాడి వాదన.

నిజానికి ఈమధ్య చిక్కాడు. నలుగురికీ మోయడం తేలికైందంటే నేను వాళ్ల డ్రిల్లు బాగుపడిందనుకున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

వంటవాడు రాలేదు. బస్తాతో చేశాం.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఇవాళా రాలేదు. బస్తాతోనే. మలుపు దగ్గర నలుగురూ ఆగిపోయారు. ఏమైందంటే ఏమీ కాలేదన్నారు. బస్తా ఏమైనా అంటుందేమోనని చూస్తున్నారు వెధవలు. నేను కూడా ఆగాను. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 26, బుధవారం

వాళ్లావిడ ఫోన్ చేసింది. ఆసుపత్రిలో ఉన్నాడు.

వెళ్లాను. కిటికీ పక్క మంచం. ముక్కులో గొట్టం, చేతికి గొట్టం, నోరు మాత్రం ఖాళీ. నన్ను చూడగానే, "చూడరా, ఇక్కడ పరుపు ఎంత మెత్తగా ఉందో! మీ పెట్టెలో అన్నీ మేకులే" అన్నాడు.

"నాటకాలాపి ఎప్పుడొస్తావో చెప్పు. బస్తాతో చేయలేక చస్తున్నాం."

"చచ్చేది మీరా?" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక చెప్పాడు. "ఒరేయ్, ప్రెసిడెంటు ఇచ్చిన ఆఖరి ఛాన్సు నాతోనే తీరేట్టుంది. జాగ్రత్తగా చెయ్యండి. నా మూలాన దళం ఊడిపోయిందనిపించకు."

"చీమ చిటుక్కుమంటే వినపడేట్టు చేస్తాను. ఒక్క తప్పు రానివ్వను. మాటిస్తున్నా" అన్నాను. వెంటనే నాలిక కరుచుకున్నాను. "నీకిప్పుడేమీ కాదు" అనాలి కదా అక్కడ. డ్రిల్లు మాస్టరు బుద్ధి!

వాడేమీ అనుకోలేదు. "అంత పద్ధతిగా చేస్తే పెట్టెలో ఉన్నది నేనని ఎవరూ నమ్మరు" అన్నాడు.

వాళ్లావిడ లిఫ్టు దాకా వచ్చింది. నన్ను అన్నయ్య అంటుంది, నేను చెల్లెమ్మ అంటాను. ఆవిడ కళ్లు తుడుచుకుని చెప్పింది. కొత్త సంవత్సరం రాకముందే డాక్టర్లు చెప్పేశారట, గుండె ఇంక ఎంతో కాలం మొయ్యదని. "ఆ పెట్టెలో పడుకోవడం ఎందుకండీ, అపశకునం అని నేను మొత్తుకున్నాను అన్నయ్యా. ఎలాగూ పడుకోవాల్సిందే, ఏ వైపు పల్లమో ముందే చూసుకుంటాను అన్నారు. మీకు చెప్పద్దన్నారు. చెబితే మీ ఆర్డర్లలో పస తగ్గిపోతుందట."

లిఫ్టు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎక్కడం మరిచిపోయాను.

మార్చి 1, శనివారం

పొద్దున పోయాడు.

ఎల్లుండి పొద్దున శ్మశానంలో. అందరికీ ఫోన్లు చేశాను. బాకా పళ్లు చూసుకోమన్నాను. డ్రైవరును బూట్లు తుడుచుకోమన్నాను. నాకు చాలా పనులున్నాయి. కూర్చునే తీరిక లేదు.

మార్చి 3, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరికీ చూపించను కనుక.

మేం అంత బాగా చేయడం ఇదే మొదలు. నలుగురూ గడ్డాలు నున్నగా గీసుకుని, బూట్లు మెరుస్తూ వచ్చారు. పెట్టె భుజాలకెత్తారు. నాలుగు మూలలూ సమానం. నడక మొదలుపెట్టారు. ఇదివరకు రోజూ ఏదో ఒకటి వినపడుతూ ఉండే పెట్టె ఇవాళ గమ్మున ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి వీళ్లు మళ్లీ ఆగిపోతారేమోనని భయపడ్డాను. అప్పుడు డ్రైవరు, ఎదురుగా చూస్తూనే, పెదవులు కదిలీ కదలకుండా, "గుంత వస్తోంది, చూసుకోండి" అన్నాడు. మిగతా ముగ్గురూ పొట్టి అడుగులు వేశారు. పెట్టె నీళ్ల మీద పడవలా తిరిగింది.

బాకా పాట మొత్తం ఊదాడు. ఒక్క స్వరం వణకలేదు. తరవాత చూస్తే పళ్లసెట్టు జేబులో ఉంది. చిగుళ్లతోనే ఊదేశాడు. ఎలా ఊదావురా అంటే తెలీదన్నాడు. సిపాయి కుర్రాళ్లు తుపాకులు కాల్చారు. నా ఢాం ముందు అవేం ఢాంలు అని వాడు పక్కనుంటే అనేవాడు.

జెండా విప్పి మడిచాం. కత్తి అంచు. తీసుకెళ్లి చెల్లెమ్మ ముందు మోకాలి మీద కూర్చున్నాను. "కృతజ్ఞత గల దేశం తరఫున" అన్నాను, గొంతు నిలబడింది. ఆవిడ జెండా ఒళ్లో పెట్టుకుంది. లేచాను. వెనక్కి అడుగులు వేశాను. సెల్యూట్. ప్రెసిడెంటుగారి వైపు ఓరకంట చూశాను. ఆయన తల చిన్నగా ఊపారు. అంటే గెలిచాం. దళం నిలబడింది. వాడికిచ్చిన మాట నిలబడింది. ఆ సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు. జెండా ఇచ్చాం, సెల్యూట్ కొట్టాం, ఇక డ్రిల్లులో మిగిలింది ఒక్కటే కదా.

అటెన్షన్‌లో నిలబడి, సెల్యూట్ చెయ్యి ఇంకా దించకుండానే, శ్మశానం అదిరేలా, "కీర్తిశేషుడూ... లే!" అన్నాను.

 వాడు లేవలేదు. వాడి మొండితనం నాకు కొత్తా? ఊపిరి పీల్చుకున్నాను. ఇంకా గట్టిగా, ఉన్న గొంతంతా పెట్టి, "కీర్తిశేషుడూ... లే!" అన్నాను.

ఆ రెండో "లే" సగం నోట్లో ఉండగా తెలిసింది నాకు, వాడు పోయాడని. ఆసుపత్రిలో తెలియలేదు. శనివారం అందరికీ ఫోన్లు చేసి నా నోటితో నేనే చెబుతున్నప్పుడూ తెలియలేదు. ఇవాళ, అంత మంది ముందు, చెయ్యి నుదుటి దగ్గర పెట్టుకుని నిలబడి ఉండగా తెలిసింది. చెయ్యి దించడం ఎలాగో మరిచిపోయాను.

సిపాయి కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చుట్టాలంతా బిగుసుకుపోయారు. భూమి చీలితే అందులో దూరిపోదును, కానీ అప్పటికే చీల్చి ఉన్న చోటు వాడిది.

అప్పుడు చెల్లెమ్మ తలెత్తింది. "బతికున్నన్నాళ్లూ ఒక్కసారి చెప్తే విన్న మనిషి కాదు అన్నయ్యా. ఇప్పుడు రెండుసార్లు చెప్పినా వినట్లేదు" అంది.

డ్రైవరు ముందు నవ్వాడు. ముక్కుతో వచ్చిన నవ్వు. తరవాత బాకా, బోసినోటితో. ఆ తరవాత చెల్లెమ్మే నవ్వింది, జెండా మొహానికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అందరూ అంతే. సంగతేమిటో తెలియని చుట్టాలు కూడా. నేను నవ్వలేదు. అటెన్షన్‌లో నిలబడే భోరుమన్నాను. ఉద్యోగంలో ఎప్పుడూ అలా చేయలేదు.

కళ్లు తుడుచుకుని చూసేసరికి ప్రెసిడెంటుగారు లేరు. గేటు దాటి వెళ్లిపోతున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా, తల వంచుకుని.

అంటే అయిపోయింది. తప్పు డ్రైవరుది కాదు, బాకాది కాదు. ఆర్డరిచ్చింది నేను.

మార్చి 4, మంగళవారం

రాజీనామా తీసుకెళ్లి ప్రెసిడెంటుగారి బల్ల మీద పెట్టి వచ్చాను. ఆయన గదిలో లేరు. మంచిదైంది.

మార్చి 5, బుధవారం

ఏమీ లేదు.

మార్చి 6, గురువారం

ఇవాళా ఏమీ లేదు. సాయంత్రం కుర్చీలు రెండు బయట వేశాను. ఎందుకు వేశానో. ఒకటి లోపల పెట్టేశాను.

మార్చి 8, శనివారం

మా ఆవిడకు ఓపిక నశించింది. "చచ్చినవాడి కళ్లు చారడేసి అంటారు. ఉన్నన్నాళ్లూ ఆ మనిషిని ఉప్పు ఎక్కువ, తిండి ఎక్కువ, వాగుడు ఎక్కువ అని తిట్టారు. ఇప్పుడేమో ఆయన కోసం అన్నం మానేసి కూర్చున్నారు" అంది.

"వాడి కోసం కాదు. దళం పోయినందుకు" అన్నాను.

ఆవిడ కంచం నా ముందుకు జరిపింది. "అలాగే, దళం కోసమే. రెండు ముద్దలు తినండి" అంది.

తిన్నాను. ఉప్పు చాల్లేదు. వాడుంటే దట్టించేవాడని చెప్పాను. ఆ తరవాత లేచి చెయ్యి కడుక్కున్నాను. వాడు నాకు పరిచయం కాదు. నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. రాసేశాను, పోనీ.

మార్చి 10, సోమవారం

ప్రెసిడెంటుగారు మా ఇంటికి వచ్చారు. ఇన్నేళ్లలో మా గడప తొక్కడం ఇదే మొదటిసారి. దళం రద్దు మాట మొహం మీద చెప్పడానికి వచ్చారనుకుని చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని ఎదురు వెళ్లాను. శిక్ష వినేటప్పుడు కూడా మనిషి పద్ధతిగా ఉండాలి.

కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. గోడ గడియారం బాగుందన్నారు. అది నడవదు. నా ఆరోగ్యం అడిగారు. మా ఆవిడ టీ ఇస్తే తాగి, టీ బాగుందన్నారు. చల్లకొచ్చి ముంత దాస్తున్నట్టుంది ఈయన వ్యవహారం అనుకుని నేనే ఎత్తాను.

"సార్, నా రాజీనామా మీ బల్ల మీద పెట్టాను."

"నేను చూడలేదు."

"పేపర్‌వెయిట్ కిందే పెట్టాను సార్."

"చూడలేదన్నాను కదా మాస్టారూ!" అని గొంతు పెంచి, మళ్లీ తగ్గించారు. కాసేపు తన బూట్ల వైపు చూసుకున్నారు. "మా ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచి పొద్దున్నే నా అంతట నేనే లేస్తాను. లేచానో లేదో ఎవరికీ పట్టదు. ఒకప్పుడు నేను లెమ్మంటే పటాలం మొత్తం లేచేది. ఇప్పుడు నన్ను లెమ్మనేవాళ్లు ఒక్కరు లేరు."

ఆయన చేతిలోని ఖాళీ కప్పు అందుకున్నాను. 

"ఆ రోజు మీరు ఆయన్ని పిలిచారు. నిజంగా లేస్తాడనుకునే పిలిచారు. నేను అక్కడ నిలబడలేకపోయాను. అందుకే వెళ్లిపోయాను" అన్నారు. ఆపైన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆఫీసరు గొంతుతో చెప్పారు, "నా వంతు వచ్చినప్పుడు దళం ఉండాలి. జీతం కుర్రాళ్లు వద్దు, స్పీకర్లు వద్దు. చివర్లో నాక్కూడా ఆ ఆర్డరివ్వాలి. రెండుసార్లు."

"లేస్తారా సార్?" అన్నాను. నోరు జారి వచ్చేసింది.

"అప్పటి నా ఓపికను బట్టి ఉంటుంది" అన్నారు.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది, నవ్వడానికో ఏడవడానికో. నేను లేచి నిలబడ్డాను. "రిహార్సల్ లేకుండా మా దళం ఏ పనీ చేయదు సార్. రేపు పొద్దున్నే రండి. ఆలస్యమైతే ఆఫీసరని కూడా చూడను" అన్నాను.

మార్చి 11, మంగళవారం

వచ్చాడాయన. అందరికంటే ముందే వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. నలుగురూ వణుకుతూ ఎత్తారు, లోపల ప్రెసిడెంటుగారు ఉన్నారని. ఆయన కర్రలా బిగుసుకుని పడుకున్నాడు. "కాస్త వదులుగా ఉండండి సార్, పోయినవాళ్లు కూడా ఇంత అటెన్షన్‌లో ఉండరు" అని చెప్పాల్సి వచ్చింది. పల్లం గురించి ఒక్క మాట చెప్పలేదు. శవంగా ఆయనకింకా చాలా నేర్పాలి.

చివరికి వచ్చాం. జెండా, సెల్యూట్. డ్రైవరు నావైపు చూశాడు. బాకా చూశాడు.  ఊపిరి పీల్చుకుని "కీర్తిశేషుడూ... లే!" అన్నాను.

మాట పూర్తికాకముందే చటుక్కున లేచి సెల్యూట్ కొట్టాడు.

నాకు కోపం వచ్చింది. వారం తరవాత వచ్చిన మొదటి కోపం, హాయిగా ఉంది. "అలా కాదు సార్! ఒక్క మాటకే లేచేస్తే ఎలా? మనిషన్నాక కాస్త బతిమాలించుకోవాలి" అన్నాను.

క్షమించమని చెప్పి మళ్లీ పడుకున్నాడు. నేను మళ్లీ పిలిచాను. ఈసారి కదల్లేదు. ఇంకా గట్టిగా పిలిచాను.